గండి ఎక్కడ పడుతుంది?



ట్రాన్సిస్టరు రేడియో చేత పట్టుకుని పొలం గట్ల మీద నడిచిన రోజులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. ప్రాంతీయ వార్తలు వింటూ హైటెన్షన్ లైను కిందకి రాగానే 'బర్ర్' మని రొద మొదలయ్యేది. లైను దాటి కాస్త దూరం నడిస్తే మళ్ళీ మామూలే. వాన తుంపర పడుతున్నప్పుడైతే ఆ రొద మరీ ఎక్కువ. రేడియో పాడైందేమోనని అరచేత్తో రెండు దెబ్బలు వేసేవాళ్ళం. రేడియో తప్పేమీ లేదండీ. తల మీద ఉన్న తీగను ఆనుకుని ఉన్న గాలి, అక్కడక్కడా, ఒత్తిడికి ఓర్చుకోలేక చిట్లుతోంది. ఆ చిటపటలే రేడియోకి రొదగా అందేవి.

ఆ ఒత్తిడి గురించే ఈ రోజు మాట్లాడతాను. దాన్ని విద్యుత్ క్షేత్రం అంటారు. అది ఎక్కడ గుమిగూడుతుంది, గుమిగూడితే ఏమవుతుంది, దాన్ని సమంగా పంచడానికి మనవాళ్ళు ఏమేం చేస్తారు, ఇదీ విషయం. నేను విద్యుత్ శాఖలో ఇంజనీరుగా పనిచేసి రిటైరైన మనిషిని. ఉద్యోగమంతా బెజవాడ చుట్టుపక్కల, దివిసీమ దాకా, ఈ డెల్టాలోనే గడిచింది. అందుకని లెక్కలు తక్కువ చెప్పి, కళ్ళతో చూసింది ఎక్కువ చెబుతాను.

ఏదైనా పరికరం కాలిపోతే 'హై వోల్టేజి కదా, కాలిపోయింది' అనేస్తాం. మనుషుల ప్రాణం విషయంలో వోల్టేజీ అంటే భయం ఉండాల్సిందే. కానీ పరికరం ఎందుకు పోయిందో వెతకాలంటే మాత్రం, వోల్టేజీ ఎంత అని అడిగితే చాలదు. ఆ వోల్టేజీ ఎంత దూరంలో దిగుతోంది అని అడగాలి.

మన కాలువలనే చూడండి. ప్రకాశం బరాజ్ దగ్గర నీటిమట్టం సముద్రమట్టానికి దాదాపు 57 అడుగుల ఎత్తున ఉంటుంది. అక్కణ్ణించి బందరు సుమారు 70 కిలోమీటర్లు. ఆ 57 అడుగులూ అంత పొడవునా నెమ్మదిగా దిగుతాయి కాబట్టి నీళ్ళు ఒద్దికగా పారతాయి. అదే 57 అడుగులూ ఒకే చోట దిగాయనుకోండి, ఏ మట్టికట్టా ఆగదు. ఎత్తు అంతే ఉంది, వాలు మారింది. వోల్టేజీ ఎత్తు లాంటిది. విద్యుత్ క్షేత్రం వాలు లాంటిది. ఒక మిల్లీమీటరు దూరంలో ఎన్ని వోల్టులు దిగుతున్నాయన్న లెక్కే విద్యుత్ క్షేత్రం.

1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా అంతటా కాలువలు సాగాయి. ఆ కాలువల మీద పడవలు నడిచిన కాలంలో లాకులు ఎంత ముఖ్యమో పెద్దవాళ్ళకు తెలుసు. దుగ్గిరాల లాకులు చూసినవాళ్ళు ఊహించుకోండి. పైన ఒక నీటిమట్టం, కింద ఒక నీటిమట్టం, మధ్యలో తలుపులు. పడవ ఒక్కసారిగా జారిపోకుండా మెట్టు మెట్టుగా దిగేది. హైవోల్టేజి ఇంజనీరింగులో సగం పని ఈ లాకుల పనే అని నా నమ్మకం. దిగాల్సిన ఎత్తు ఎంతైనా కానీ, దాన్ని పంచాలి. బరువంతా ఒక్కచోట పడనివ్వకూడదు. పడిందా, అక్కడే గండి.

గాలికీ ఒక ఓర్పు ఉంది. మామూలు పరిస్థితుల్లో మిల్లీమీటరుకు సుమారు 3 వేల వోల్టుల దాకా గాలి ఓర్చుకుంటుంది. అది దాటితే చిట్లుతుంది. చిట్లినప్పుడు సన్నని చప్పుడు, చీకట్లో ఊదా నీలం కలిసిన వెలుగు, ముక్కుకు ఓజోను వాసన. దాన్ని కరోనా అంటారు. ఆ మాటకు కిరీటం అని అర్థం. మొన్నటి జబ్బు పేరు రాకముందు నుంచే, శతాబ్దం పైగా, మా వృత్తిలో ఆ మాట ఉంది. క్షేత్రానికి ఒక గుణం ఉంది. నున్నగా, లావుగా, గుండ్రంగా ఉన్నచోట పరుచుకుంటుంది. సన్నగా, మొనదేలి ఉన్నచోట గుమిగూడుతుంది. తీగ మీద ఒక గరుకు ఉన్నా, వేలాడుతున్న ఒక వానచినుకు ఉన్నా, దాని కొన దగ్గర గుమిగూడుతుంది. తుంపర పడినప్పుడు రేడియోలో రొద పెరిగేది అందుకే.

బెజవాడకు పెద్ద కరెంటు కూడా మెట్టు మెట్టుగానే వచ్చింది. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం మొదలైనప్పుడు ఆ కరెంటు 132 కేవీ, అంటే 132 వేల వోల్టుల, లైన్ల మీద కోస్తాకు దిగింది. 1979లో ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలో మొదటి యూనిట్ తిరిగింది. కృష్ణా జిల్లా కౌతరంలో పుట్టి, విద్యుత్ బోర్డు చైర్మన్‌గా ఈ రాష్ట్రంలో కరెంటుకు ఒక రూపం తెచ్చిన నార్ల తాతారావు గారి పేరే ఇప్పుడు దానికి. అక్కడి నుంచి 220 కేవీ లైన్లు నలుదిక్కులా పోయాయి. ఆ తరవాత 400 కేవీ వచ్చి నున్నలో దిగింది. ఇప్పుడు నది దాటి చిలకలూరిపేట దాకా వెళ్తే 765 కేవీ కూడా చూడొచ్చు.

నున్న అంటే మామిడికాయల మార్కెట్టు అని అందరూ ఎరుగుదురు. ఆ తోటల మీదుగా పోయే 400 కేవీ లైనును ఈసారి తలెత్తి చూడండి. ఒక్కో ఫేజుకు తీగ ఒకటి ఉండదు, జంటగా రెండుంటాయి. ఒక్కొక్క తీగ మన బొటనవేలి కన్నా లావు, 32 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. రెండింటికీ మధ్య మూరెడు దూరం, 45 సెంటీమీటర్లు. దూరం చెదరకుండా అక్కడక్కడా అడ్డుకడ్డీలు. ఎక్కువ కరెంటు పోవడానికే రెండు వేశారనుకుంటారు చాలామంది. అదీ నిజమే. కానీ ఒకే ఫేజుకు చెందిన రెండు తీగలు పక్కపక్కన ఉంటే, విద్యుత్ క్షేత్రానికి అవి రెండూ కలిసి ఒక లావైన తీగలా కనపడతాయి. అప్పుడు ఏ తీగ ఒంటి మీదా వాలు మితిమీరదు. గాలి చిట్లడం తగ్గుతుంది. 765 కేవీ దగ్గరికి వెళ్తే ఒక్కో ఫేజుకు నాలుగేసి, ఆరేసి తీగలు కూడా ఉంటాయి.

ఇక ఆ తీగను టవరుకు వేలాడదీసిన పింగాణీ డిస్కుల సంగతి. 132 కేవీకి 9, 220కి 13 లేదా 14, 400కి 23 చొప్పున వరసగా గుచ్చి ఉంటాయి. 400 కేవీ లైనులో తీగకూ భూమికీ మధ్య ఉండేది 231 కేవీ. 23 డిస్కులు సమంగా పంచుకుంటే ఒక్కోదానికి 10 కేవీ. పాలు పంచుకున్న అన్నదమ్ముల్లా ఉండాలి కదా. ఉండవు. తీగ పక్కనున్న డిస్కు మీద రెట్టింపు, అంతకు పైన కూడా పడుతుంది. టవరు వైపున్నవాటికి సగం కూడా దక్కదు.

ఎందుకో మన రైతులకు ఇట్టే అర్థమవుతుంది. కాలువ తల దగ్గర నిండుగా పారుతుంది. దారిలో ఒక్కో బోదె కాస్త కాస్త లాగేసుకుంటుంది. చివరి భూములకు చేరేసరికి ప్రవాహం సన్నబడుతుంది. డిస్కుల వరసలోనూ అంతే. డిస్కుకీ డిస్కుకీ మధ్యనున్న ప్రతి లోహపు టోపీ నుంచీ పక్కనున్న టవరుకు కాస్త కాస్త కరెంటు గాలిలోంచే పోతూ ఉంటుంది. ఆ పోయేదంతా ముందు తీగ పక్కనున్న డిస్కులోంచే రావాలి. అందరి మోతా దానిదే.

దీనికి మందు ఏమిటి? తలకాలువ మీద భారం తగ్గించాలంటే పక్క నుంచి ఇంకో కాలువ తవ్వి, మధ్యనున్న బోదెలకు నేరుగా నీళ్ళందిస్తాం. తీగ చివర డిస్కుల చుట్టూ చేతి మురుగులాంటి ఒక లోహపు వలయం కనపడుతుంది, చూడండి. అలంకారం కోసం పెట్టింది కాదది. తీగతో కలిపి ఉన్న ఆ వలయం, టవరు లాగేసుకునే కరెంటును తన వైపు నుంచి డిస్కులకు అందిస్తుంది. ఆ చివరి డిస్కు మీద భారం తగ్గుతుంది. వలయం లావుగా, నున్నగా ఉంటుంది కాబట్టి దాని చుట్టూ గాలి కూడా చిట్లదు. దాన్ని కరోనా రింగు అంటారు, గ్రేడింగ్ రింగు అని కూడా అంటారు. ఆ వలయాన్ని తిరగేసి బిగిస్తే, ఉండవలసిన చోట కాక బెత్తెడు అవతల బిగిస్తే, పని జరగదు. బోల్టు బిగిసింది కదా అని దిగిపోతే, అక్కడ పింగాణీ గానీ రబ్బరు గానీ ఏళ్ళ తరబడి కొరుక్కుపోతూనే ఉంటుంది.

ఇంతవరకూ చెప్పింది పొడిగా, శుభ్రంగా ఉన్న ఇన్సులేటరు సంగతి. మన డెల్టాలో పొడి ఎక్కడిది, శుభ్రం ఎక్కడిది? సముద్రం వైపు ఉప్పుగాలి. ఇబ్రహీంపట్నం వైపు బొగ్గు బూడిద. రోడ్ల మీద దుమ్ము. సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున పొగమంచు. ఇవన్నీ కలిస్తే ఏమవుతుందో నేను నాగాయలంక వైపు ఒక జనవరిలో చూశాను.

అది తెల్లవారుజాము, నాలుగున్నర. 33 కేవీ లైను ట్రిప్పయింది. ఛార్జి చేస్తే నిలబడి, కాసేపటికి మళ్ళీ ట్రిప్పయింది. లైను వెంబడి జీపులో వెళ్తున్నాం. మంచు దట్టంగా ఉంది. ఒక స్తంభం దగ్గర లైన్‌మన్ బండి ఆపమన్నాడు. "లైటు తీసెయ్యండి సార్, చూడండి" అన్నాడు. హెడ్‌లైటు ఆర్పేశాక కనపడింది. ఇన్సులేటరు మీద నీలం రంగు పురుగుల్లాంటి మెరుపులు పాకుతున్నాయి. ఒకచోట ఆరిపోయి, ఇంకోచోట లేచి, మళ్ళీ మొదటిచోటికే వస్తున్నాయి. స్‌స్‌స్ మని పెనం మీద నీళ్ళు చిలకరించినట్టు చప్పుడు. ఎల్సీ, అంటే లైనులో కరెంటు ఆపినట్టు హామీ, తీసుకుని, లైను ఎర్త్ చేశాక అతను పైకెక్కి తడిగుడ్డతో ఆ పింగాణీని తుడిచి దిగాడు. గుడ్డకంటిన బూడిదరంగు జిడ్డును వేలితో తీసి నా ముందు పెట్టాడు. "నాలిక మీద వేసుకు చూడండి సార్, ఉప్పే." వేసుకు చూశాను. నిజంగా ఉప్పే.

జరిగేది ఇదండీ. వానలు తగ్గిపోయాక నెలల తరబడి ఉప్పు పేరుకుంటుంది. పొడిగా ఉన్నంతకాలం అది ఏమీ చెయ్యదు. మంచు పడి తడిస్తే ఉప్పునీళ్ళ పొర అవుతుంది. దానిలోంచి సన్నగా కరెంటు పాకుతుంది. ఆ వేడికి పొర అక్కడక్కడా ఆరిపోతుంది. ఆరినచోట కరెంటుకు దారి తెగుతుంది. మిగతా ఒళ్ళంతా తడి కాబట్టి, వోల్టేజీ మొత్తం వచ్చి ఆ ఆరిన పట్టీ మీదే పడుతుంది. అంత సన్నని పట్టీ 19 కేవీని ఎలా మోస్తుంది? చిట్లుతుంది. ఒక పట్టీ నుంచి ఇంకో పట్టీకి నిప్పు దూకి, చివరికి పై నుంచి కింద దాకా ఒకే మెరుపు. లైను ట్రిప్పు. వోల్టేజీ రోజూ ఉన్నదే, పింగాణీ రోజూ ఉన్నదే. పంపకం చెడింది, అంతే. పెద్ద వాన వస్తే ఉప్పు కడుక్కుపోయి మళ్ళీ అదే ఇన్సులేటరు బాగా పనిచేస్తుంది. చెడగొట్టేది మంచు, బాగుచేసేది వాన.

అందుకే ఇన్సులేటరుకు గొడుగు మీద గొడుగులా అంచులు పెడతారు. ఒక కొస నుంచి ఇంకో కొసకు చీమ నడిస్తే ఎంత దూరం అవుతుందో, ఆ పాకుడు దూరం పెంచడానికి. దానికి అంతర్జాతీయంగా ఒక లెక్క ఉంది. గాలి శుభ్రంగా ఉన్న ప్రాంతంలో కేవీకి 16 మిల్లీమీటర్లు చాలు. సముద్రతీరం లాంటి బాగా పాడైన చోట కేవీకి 31 మిల్లీమీటర్లు కావాలి. 33 కేవీ లైను 36 కేవీ దాకా పోవచ్చు కాబట్టి, శుభ్రమైన చోట 576 మిల్లీమీటర్లు సరిపోతే, దివిసీమలో 1,116 కావాలి. ఇంచుమించు రెట్టింపు. మెట్ట ప్రాంతానికి కొన్న ఇన్సులేటరును తెచ్చి సముద్రపు ఒడ్డున బిగిస్తే జనవరిలో ఏమవుతుందో చెప్పక్కరలేదు.

ఇప్పుడు సిలికాన్ రబ్బరుతో చేసిన పాలిమర్ ఇన్సులేటర్లు వస్తున్నాయి. తామరాకు మీద నీటిబొట్టులా వాటి మీద నీళ్ళు ముత్యాలై నిలుస్తాయి, పొరగా పరుచుకోవు. ఉత్తరాదిన చలికాలపు పొగమంచుకు లైన్లు పదేపదే ట్రిప్పవుతుంటే, అక్కడ పెద్దయెత్తున పింగాణీ తీసి ఇవి వేశారు. మనకూ ఇవి మేలే. కాకపోతే వీటిలో మధ్యమధ్య లోహపు టోపీలు ఉండవు. తీగ వైపు కొసన క్షేత్రం మరింత గుమిగూడుతుంది. అందుకని పెద్ద వోల్టేజీల్లో వీటికి ఆ వలయం ఇంకా అవసరం.

లైను పైనుంటుంది, కనపడుతుంది. ఇప్పుడు భూమిలోకి వెళ్దాం. కనపడని కేబుల్ సంగతంటే నాకు ఇంకా ఎక్కువ ప్రాణం.

33 కేవీ కేబుల్‌ను అడ్డంగా కోసి చూస్తే మధ్యలో అల్యూమినియం, దాని చుట్టూ ఎక్స్ఎల్‌పీఈ అనే పాలలాంటి తెల్లని ప్లాస్టిక్కు. దాని మందం ఎనిమిది తొమ్మిది మిల్లీమీటర్లు. చిటికెనవేలి వెడల్పు కూడా లేదు. లోపల 19 కేవీ, బయట సున్నా. మిల్లీమీటరుకు సగటున 2 వేల వోల్టుల పైచిలుకు. ఆ తెల్లని పొరకు లోపలా బయటా కరెంటును కొద్దిగా పారనిచ్చే నల్లని సెమీకాన్ పొరలు ఉంటాయి. లోపలి పొర తీగపోగుల గరుకును కప్పి నున్నగా చేస్తుంది. బయటి పొర క్షేత్రాన్ని లోపలే గుండ్రంగా కట్టి ఉంచుతుంది. ఈ ఆలోచన పాతది. మూడు కోర్లను ఒకే తొడుగులో చుట్టిన పాత కాగితపు కేబుళ్ళు ఎక్కువ వోల్టేజీ దగ్గర పోతుంటే, మొదటి ప్రపంచ యుద్ధానికి కాస్త ముందు హోక్‌స్టెటర్ అనే ఇంజనీరు ప్రతి కోరుకూ విడివిడిగా లోహపు కాగితం చుట్టించాడు. క్షేత్రానికి ఎవరి గది వాళ్ళకు ఇచ్చినట్టయింది. ఆ తరవాతే కేబుళ్ళు పెద్ద వోల్టేజీలకు ఎక్కగలిగాయి.

కేబుల్ మధ్యలో గొడవ తక్కువ. గొడవంతా కొసల దగ్గర, జాయింట్ల దగ్గర. అక్కడ ఆ నల్ల పొరను ఒలిచి తీరాలి. ఒలిచినచోట పొర అంచు ఒకటి మిగులుతుంది. అప్పటిదాకా పొడవునా పరుచుకుని ఉన్న క్షేత్రం, ఆ అంచు దగ్గరికి వచ్చి గుమిగూడుతుంది. పండగనాడు కొండ మీదకి పోయే జనం వరసలో ఉన్నంతసేపు బాగానే ఉంటారు. బారికేడు అయిపోయిన చోటనే తొక్కిసలాట. దాన్ని చెదరగొట్టడానికి ఆ అంచు మీద సన్నాయి మూతిలా విచ్చుకునే స్ట్రెస్ కోను పెడతారు, లేదా స్ట్రెస్ కంట్రోల్ ట్యూబు తొడుగుతారు. కోను ఆకారంతో పంచుతుంది. ట్యూబు తన పదార్థం గుణంతో క్షేత్రాన్ని పొడవునా సాగదీస్తుంది. అంచు దగ్గర గాలి మిగలకుండా పసుప్పచ్చ మాస్టిక్ నింపుతారు.

గాలి మిగిలితే ఏం? కాలువకట్టలో ఎండ్రకాయ బొరియ ఉంటే ఏమవుతుందో అదే అవుతుంది. ప్లాస్టిక్కు మధ్య సన్నని గాలిపొర చిక్కితే, దానిలో క్షేత్రం ప్లాస్టిక్కులో కన్నా రెండింతలకు పైగా పెరుగుతుంది. ఓర్పు చూస్తే గాలికి చాలా తక్కువ. బరువు ఎక్కువ, బలం తక్కువ. ఆ బొరియలో చిన్న చిన్న మెరుపులు పుడుతూ గోడను రోజూ కాస్త కాస్త తినేస్తాయి. దాన్ని పార్షియల్ డిశ్చార్జి అంటారు. బయటికి ఏమీ తెలియదు. ఒక రోజు గండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు గండ్లు మన సింగ్‌నగర్‌ను ఎలా ముంచాయో చూశాం. కట్ట ఎన్ని కిలోమీటర్లు గట్టిగా ఉందన్నది అప్పుడు లెక్కలోకి రాదు. గండి పడిన ఆ నాలుగు గజాలే ఊరి తలరాత రాస్తాయి. దానికి తోడు మన డెల్టాలో కొద్దిపాటి లోతులోనే నీళ్ళు. తడిలో ఏళ్ళ తరబడి పడుకున్న ప్లాస్టిక్కులో నీటి చెట్లు అని మేం పిలిచే సన్నని కొమ్మలు మొలుస్తాయి. అవి కూడా క్షేత్రం గుమిగూడిన చోట నుంచే మొలుస్తాయి.

ఇదే కథ ఎక్కడికి వెళ్ళినా. ఇబ్రహీంపట్నం 210 మెగావాట్ల జనరేటరులో వోల్టేజీ 15.75 కేవీ. దాని స్టేటరు బార్లు ఇనుప గాడిలోంచి బయటికి వచ్చే చోట అచ్చం కేబుల్ అంచు సమస్యే. అక్కడ సిలికాన్ కార్బైడు ఉన్న టేపు చుడతారు. దాని గుణం గొప్పది. క్షేత్రం పెరిగినకొద్దీ దాని నిరోధం తగ్గుతుంది. ఎక్కడ ఒత్తిడి ఎక్కువైతే అక్కడ తానే దారి ఇచ్చి, ఒత్తిడిని పక్కకు పంపేస్తుంది. ఆ పూత పాడైతే ఓవర్‌హాలింగులో ఆ మలుపు దగ్గర తెల్లని పొడి కనపడుతుంది. గాలి చిట్లిన చోట మిగిలిన ఆనవాలు అది. ఇక 220 కేవీ ట్రాన్స్‌ఫార్మరు మీద నిలబడ్డ బుషింగు. తీగ ట్యాంకు కప్పును దాటేది దానిలోంచే. దాని లోపల నూనెలో నానిన కాగితం పొరలు, పొరల మధ్య పదుల కొద్దీ అల్యూమినియం రేకులు, ఒకదాని చుట్టూ ఒకటి. ఒక్కో రేకూ ఒక్కో లాకు. 127 కేవీ ఆ లాకుల మీదుగా మెట్టు మెట్టుగా దిగుతుంది. తడి చేరి ఒక లాకు పోతే మిగతావాటి మీద భారం పెరుగుతుంది. అందుకే ఇన్సులేషనులో వృథా అయ్యే విద్యుత్తును చూపే టాన్ డెల్టా పరీక్ష దానికి క్రమం తప్పకుండా చేస్తారు. కొత్త బుషింగులో అది 0.7 శాతం దాటకూడదు. ఏటికేడు ఆ అంకె పెరుగుతుంటే ఊరుకోకూడదు. బుషింగు పేలితే ట్రాన్స్‌ఫార్మరే తగలబడుతుంది.

ఇంత శాస్త్రం చెప్పాను కదా. ఈ శాస్త్రమంతా చివరికి ఎవరి చేతుల్లో ఉంటుందో చెప్పి ముగిస్తాను.

బెజవాడ వన్‌టౌన్‌లో ఒక వర్షాకాలం రాత్రి 33 కేవీ కేబుల్ జాయింటు పేలింది. వేసి నాలుగు నెలలే అయింది. గొయ్యి తవ్వి, పాడైన ముక్కను కోసి, టార్చిలైటు కింద పెట్టి చీల్చాను. నల్ల పొర ఒలిచిన అంచు దగ్గర తెల్లని ప్లాస్టిక్కు చుట్టూ సన్నటి గీత. గోటితో తడిమితే తగిలేంత. పొర ఒలిచేటప్పుడు కత్తి లోతుగా దిగింది. ఆ గీతలోంచి తుమ్మకొమ్మ నీడలా ఒక నల్లని చెట్టు లోపలికి పాకి తీగను చేరింది. ఆ జాయింటు వేసిన మనిషిని నేను తిట్టుకోలేదు. ఆ రోజు కూడా రాత్రే. ఆ రోజు కూడా వెనక నిలబడి తొందరపెట్టినవాళ్ళు ఉన్నారు. వాళ్ళలో నేనూ ఉన్నాను.

ఈసారి వచ్చిన జాయింటరు అరవైకి దగ్గర పడ్డాయన. గొయ్యి మీద టార్పాలిన్ కట్టించాడు. నీళ్ళు తోడించాడు. చేతులు సబ్బుతో కడుక్కుని ఆరబెట్టుకున్నాడు. కత్తిని నల్ల పొర మందంలో సగం దాకానే దింపాడు. అంచుకు దగ్గరపడ్డాక కత్తి పక్కన పెట్టి, సంచిలోంచి గాజుపెంకు తీసి, దోసకాయ చెక్కు తీసినంత నాజూగ్గా గీకాడు. తరవాత నున్నటి ఎమెరీ గుడ్డతో రుద్దాడు. తుడిచేటప్పుడు తెల్లని కొస నుంచి నల్ల పొర వైపే, ఒకే దిశలో. తుడిచిన గుడ్డ మళ్ళీ ముట్టుకోలేదు. "వెనక్కి లాగితే మసి తెల్లదాని మీదకొస్తుంది సార్" అన్నాడు. ఈలోగా వీధిలో జనం చేరారు. ఫోన్ల మీద ఫోన్లు. "ఇంకా ఎంతసేపు బాబాయ్?" అన్నాను. ఆయన తలెత్తకుండానే, "గంట ఇవ్వండి సార్, పదేళ్ళు ఇస్తాను. అరగంటే ఇస్తానంటే, నెలకోసారి మనం ఇక్కడే కలుసుకోవాలి" అన్నాడు.

నేను ఫోను కట్టేశాను. ఆయన కళ్ళు మూసుకుని, బొటనవేలితో ఆ అంచు చుట్టూ ఒకసారి తడిమాడు. ఎక్కడో కొంచెం తగిలింది కాబోలు, మళ్ళీ గుడ్డ అందుకున్నాడు. ఇంకోసారి తడిమాడు. అప్పుడు గానీ ట్యూబు తొడగలేదు. నేను రిటైరయ్యేదాకా ఆ గొయ్యి మళ్ళీ తవ్వాల్సిన పని పడలేదు.

క్షేత్రం ఎక్కడ గుమిగూడుతుందని మొదట్లో అడిగాను. మొన ఉన్నచోట, ఉప్పు ఆరినచోట, గాలి చిక్కినచోట అని చెప్పుకుంటూ వచ్చాను. ఇన్నేళ్ళ అనుభవం మీద ఇంకొకటి కలుపుతాను. మనం తొందరపడ్డ చోట. పుస్తకంలోని లెక్కలన్నీ ఒప్పయినా, ఆ బొటనవేలు తడిమే అరనిమిషం దక్కకపోతే వృథా.

యువ ఇంజనీర్లకు ఒక మాట. జాయింటరు గంట అడిగితే గంట ఇవ్వండి. ఆ గంటసేపు ఫోన్లు మీరు మోయండి. ఒత్తిడి పంచడమే కదా మన ఉద్యోగం. ఇక శ్రోతలకు నా మనవి. ఈసారి కరెంటు పోయినప్పుడు మీ వీధిలో టార్పాలిన్ కింద ఎవరైనా వంగి కూర్చుని కనపడితే, ఎంతసేపని అడగకండి. ఆ గంట ఆయనకు ఉండనివ్వండి.